కాలువలో వెదురు బొంగు, మిసిసిపీలో 15 బార్జీలు

బార్జీలు, అంటే సరుకు మోసే చదునైన పెద్ద పడవలు, నది మలుపు ఎలా తిరుగుతాయో కంప్యూటర్లో లెక్క కట్టాలంటే ఏం కావాలి? అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "పడవ బరువు, ఇంజన్ బలం, చుక్కాని కోణం, అంతే కదా!" నాకు చిరాకు అక్కడే. అసలు నదినే వదిలేశారు.

పంట కాలువలో వెదురు బొంగు వేసి చూశారా? ఒక కొస నడిమి వడిలో, రెండో కొస గట్టువారన నెమ్మది నీళ్లలో పడితే, ఎవరూ ముట్టుకోకుండానే అడ్డం తిరిగిపోతుంది. ఈ వీడియో అంతా ఆ బొంగు గురించే.

ఇప్పుడు దాన్ని 975 అడుగులు చేయండి. అమెరికాలో మిసిసిపీ నది ఎగువన మామూలు టో, అంటే కలిపి కట్టిన బార్జీల గుంపు, అంత ఉంటుంది: 195 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పున్న బార్జీలు 15, పక్కపక్కన 3, ముందువెనకలు 5, ఉక్కు తాళ్లతో బిగించి. ఒక్కోదాంట్లో సుమారు 1,500 టన్నుల సరుకు. టో అంటే లాగడం, కానీ దీన్ని నడిపే ఇంజన్ పడవ టోబోట్ లాగదు, వెనకనుంచి నెడుతుంది. బొంగును వెనక కొస పట్టి నెట్టండి, ముందు కొస మీ మాట ఎంత వింటుందో తెలుస్తుంది.

ఈ 105 అడుగుల వెడల్పు 110 అడుగుల లాకులో, అంటే పడవల్ని ఒక నీటిమట్టం నుంచి ఇంకోదానికి చేర్చే తలుపుల గదిలో, దూరాలి. పక్కకు 2.5 అడుగులే! గోదావరి కాలువల లాకులు చూసినవాళ్లు ఒక్కసారి ఊహించుకోండి. లాకు పక్కనే డ్యామ్ గేట్లు, నీరు అటు గుంజుతుంటుంది. టో ముందు భాగం లాకు గోడ చాటున నిలకడ నీళ్లలోకి వచ్చేసింది, వెనక భాగం ఇంకా ఆ గుంజుడులోనే ఉంది. మళ్లీ మన బొంగే!

అందుకే కంప్యూటర్ మోడల్లో టోను ఒకే ముద్దగా చూడకూడదు. పొడవునా ముక్కలు చేసి, ఏ ముక్క దగ్గర ప్రవాహం ఎంతో అక్కడి బలం లెక్కేసి, అన్నీ కూడాలి. దాంతో ముందుకు కదలిక, పక్కకు జారడం, తిరగడం, ఈ 3 సమీకరణాలు క్షణక్షణానికీ సాధిస్తారు. ప్రవాహం వివరాలు వేరే నదీ మోడల్ ఇస్తుంది. నాకైతే సగం పని అదే.

దిగువకు వెళ్తూ ఇరుకు మలుపు వస్తే పైలట్, అంటే టోబోట్ నడిపేవాడు, ఇంజన్లు వెనక్కి తిప్పి, వెనక కొసను పట్టి ఉంచి, ముందు కొసను ప్రవాహానికే వదులుతాడు. దీన్ని ఫ్లాంకింగ్ అంటారు. అప్పుడు ప్రొపెల్లర్ నీటిని ముందుకు తోస్తుంది కాబట్టి వెనకున్న చుక్కానికి పట్టు చాలదు. ప్రొపెల్లర్‌కు ముందు వేరే చుక్కానులు పెట్టేది ఇందుకే. మోడల్లో ఇవీ ఉండాలి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. టో కింద నీటి లోతు తక్కువైతే టో బద్ధకంగా తిరుగుతుంది. ఖాళీ బార్జీలు నీళ్లపైన ఎత్తుగా నిలుస్తాయి, గాలికి తెరచాపలే. ఇవన్నీ కలిపాక, విక్స్‌బర్గ్‌లో అమెరికా ఆర్మీ ఇంజనీర్ల సిమ్యులేటర్ (తెరమీది నదిలో టో నడిపే ఏర్పాటు) లాంటి చోట నిజం పైలట్లనే కూర్చోబెట్టి నడిపిస్తారు. "ఇక్కడ నది ఇలా గుంజదు" అని వాళ్లలో ఎవరైనా అంటే, ఆ చోటి ప్రవాహం అంకెలు మళ్లీ తీసి చూడాల్సిందే.