కొలిమి లేకుండా టైటానియం డయాక్సైడ్ పొర: ప్లాస్టిక్‌పై రంగు సౌరఘటం

నమస్కారం. విజయవాడలోని మా కళాశాల ప్రయోగశాల నుంచి మాట్లాడుతున్నాను. 1991లో శాస్త్రవేత్తలు ఓరీగన్, గ్రాట్జెల్ ప్రకటించిన రంగు సౌరఘటంలో వెలుతురును పీల్చేది రంగు పదార్థం, అది ఇచ్చే ఎలక్ట్రాన్లను మోసుకెళ్లేది నానో స్ఫటికాల టైటానియం డయాక్సైడ్ పొర. ఆ పొడిని ముద్దగా చేసి గాజుపై పరచి, ఆ పొరను దాదాపు 450 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలుస్తారు. ఆ వేడికి ముద్దలోని బంక మాడిపోయి, రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఎలక్ట్రాన్లకు దారి ఏర్పడుతుంది. మనం తీసుకున్న, ఐటీఓ (విద్యుత్తును ప్రసరింపజేసే పారదర్శక ఇండియం టిన్ ఆక్సైడ్) పూత గల పీఈఎన్ (పాలీఇథిలీన్ నాఫ్తలేట్) ప్లాస్టిక్ 150 డిగ్రీలు దాటితే వంకర్లు పోతుంది. కాబట్టి కాల్చి తీసేయాల్సిన బంకను ముద్దలో అసలు కలపకూడదు, వేడి చేయాల్సిన పనిని ఒత్తిడితో చేయించాలి.

మాస్కు ధరించి, సుమారు 21 నానోమీటర్ల రేణువులున్న పీ25 అనే టైటానియం డయాక్సైడ్ పొడిని కల్వంలో వేసి, టెర్షియరీ బ్యూటనాల్ అనే ఆల్కహాల్, నీటి మిశ్రమాన్ని చుక్కచుక్కగా కలుపుతూ ఉండలు లేకుండా నూరండి. ఈ బ్యూటనాల్ సుమారు 25 డిగ్రీల వద్దే గడ్డకడుతుంది కనుక డిసెంబరు ఉదయం సీసా వంచితే చుక్క రాలదు. పాడైందని పారేయకుండా గోరువెచ్చని నీటిలో ఉంచితే కరుగుతుంది.

ప్లాస్టిక్‌కు పూత ఉన్న వైపును మల్టీమీటరుతో గుర్తించి, అంచులకు బీసెంట్ రోడ్డులో దొరికే మామూలు సెలో టేపు అంటించి, ముద్దను గాజు కడ్డీతో ఒక్క లాగుతో పరచండి. ఆరడం దగ్గర తొందరపడవద్దు. మే నెలలో ఫ్యాను కింద పెట్టిన పొర నిమిషాల్లో ఎండిన చెరువులా బీటలు వారడం నేను చాలాసార్లు చూశాను. మూత పెట్టి నెమ్మదిగా ఆరనిచ్చాక, 120 డిగ్రీల వద్ద అరగంట ఉంచండి.

ఇప్పుడు పొరపై పలుచని టెఫ్లాన్ రేకు కప్పి, హైడ్రాలిక్ ప్రెస్‌లో చదరపు సెంటీమీటరుకు సుమారు 1000 కిలోల ఒత్తిడి ఇవ్వండి. రేణువుల మధ్య ఖాళీలు తగ్గి స్పర్శ పెరుగుతుంది. గాజుతో ఈ సాహసం చేయకండి, పగులుతుంది.

కృష్ణ ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ. పొర ఆ తేమను పీల్చకముందే, 80 డిగ్రీల వెచ్చదనంలో ఉండగానే రంగు ద్రావణంలో ముంచండి. అభ్యాసానికి మందార పూల రసం చాలు, కానీ దాని సామర్థ్యం సాధారణంగా ఒక శాతం కూడా దాటదు. మర్నాడు తీసి ఆల్కహాల్‌తో కడిగినప్పుడు రంగు నిలవక తెల్లటి మచ్చలు కనిపిస్తే, ఆ చోట రంగు పట్టలేదని అర్థం. పొరే రాలి వస్తే, మళ్లీ కల్వం దగ్గర నుంచే మొదలుపెట్టాలి.