రెండు చుట్లు ఎక్కి ఆగిపోయే నట్టు

ప్రిన్సిపల్ గారికి, ఇన్‌స్ట్రక్టర్లకు, ఫిట్టర్, టర్నర్ ట్రేడుల పిల్లలందరికీ నమస్కారం.

నా చేతిలో రెండు బోల్టులున్నాయి. రెండూ అరంగుళానివే. హైదరాబాద్ షాపుల్లో నాలుగు సూతుల బోల్టులంటారే, అవి. వెనక బెంచీల వాళ్లకు కవల పిల్లల్లా కనిపిస్తుంటాయి. ఒకటి విట్‌వర్త్, అంటే పాత ఇంగ్లిష్ పద్ధతి మర, అంగుళానికి 12 మరలు. రెండోది యుఎన్‌సి, అంటే అమెరికాలో వాడే ముతక మర, అంగుళానికి 13. ఇప్పుడు ఒకదాని మరల్లో ఇంకోదాని మరలు కూర్చోబెట్టి ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుంటున్నాను. మొదటి మర కూర్చుంది. రెండోదీ కూర్చున్నట్టే ఉంది. నాలుగోదాని దగ్గర సన్నటి వెలుతురు గీత. అరంగుళం దాటేసరికి ఒకదాని అంచు ఇంకోదాని అంచు మీదికి ఎక్కేసింది. ఇటు ఆరు మరలున్న చోట అటు ఆరున్నర ఉన్నాయి మరి.

ఆ అర మర ఖరీదు ఎంతో నాకు 19వ ఏట తెలిసింది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో పని నేర్చుకుంటున్నాను. ఒక రైసు మిల్లు వాళ్లు పాత ఇంగ్లిష్ ఇంజను తెచ్చారు. బేరింగ్ క్యాప్ బోల్టు ఒకటి పోయింది. డబ్బాలోంచి వెతికి తీసి పెట్టాను. రెండు చుట్లు చేత్తోనే ఎక్కింది, తర్వాత బిగుసుకుంది. తుప్పు అనుకుని నూనె వేశాను. స్పానర్‌కి పైపు తొడిగి లాగాను. కర్రుమని చిన్న చప్పుడు, ఆ తర్వాత స్పానర్ తేలిగ్గా తిరిగింది. మా మేస్త్రి ఒక్క మాట అనలేదు. బోల్టు బయటికి తీసి, చిల్లులో వేలు పెట్టి, వేలి కొసకు అంటుకున్న, తెగిన మరల పోత ఇనుము పొడి నాకు చూపించాడు. కోతల రోజుల్లో ఆ మిల్లు రెండు రోజులు ఆగిపోయింది.

అస్సలు ఎక్కని బోల్టుతో ఏ గొడవా లేదు, పక్కన పడేస్తాం. కొంచెం ఎక్కి ఆశ పెట్టే బోల్టుతోనే జాగ్రత్తగా ఉండాలి.

ఈ తేడాలు ఎక్కణ్నుంచి వచ్చాయి? ఒకప్పుడు ఏ షాపు మర ఆ షాపుదే. 1841లో ఇంగ్లండ్‌లో జోసెఫ్ విట్‌వర్త్ అందరికీ ఒకే మర ఉండాలని ప్రతిపాదించాడు, మర కోణం, అంటే మర రెండు వాలుల మధ్య కోణం, 55 డిగ్రీలన్నాడు. 1864లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలన్నాడు. పావంగుళం, మూడు బై ఎనిమిది లాంటి సైజుల్లో రెండు పద్ధతులకీ మరల లెక్క ఒకటే, కోణమే వేరు. అంటే నట్టు చివరిదాకా ఎక్కేస్తుంది! కానీ మర మొత్తం ఆనదు, సన్నటి గీత మీదే బరువంతా పడుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్, అమెరికా సామాన్లు ఒకదానికొకటి కుదరక చాలా ఇబ్బంది పడ్డాక, 1948 నవంబరు 18న ఆ రెండు దేశాలూ కెనడాతో కలిసి ఒకే మరకు ఒప్పుకున్నాయి.

అంతకు ముందు అమెరికాలోని బాల్టిమోర్‌లో జరిగిన సంగతి మీరు తప్పక తెలుసుకోవాలి. 1904 ఫిబ్రవరి 7, ఆదివారం. ఊరి నడిబొడ్డున నిప్పంటుకుంది. వాషింగ్టన్ నుంచి రైల్లో ఫైరింజన్లు ఎక్కించి పంపారు. ఫిలడెల్ఫియా, న్యూయార్క్ నుంచి కూడా మనుషులు వచ్చారు. గొట్టాలున్నాయి, హైడ్రంట్లలో, అంటే మంటలార్పడానికి వీధుల్లో పెట్టిన నీటి కుళాయిల్లో, నీళ్లున్నాయి, కానీ గొట్టం కొసన బిగించే కప్లింగుల మర హైడ్రంట్ మరకు పట్టలేదు. 1500కు పైగా భవనాలు కాలిపోయాయి. తర్వాత లెక్క తీస్తే ఆ దేశంలో 600కు పైగా రకాల కప్లింగులు తేలాయి. మంట కళ్లముందు మండుతుంటే చేతిలో పట్టని కప్లింగ్‌తో నిలబడ్డ ఆ మనిషి పరిస్థితి తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె బరువెక్కుతుంది.

మొన్న మీలో ఒకబ్బాయి అడిగాడు, రైఫిల్ బారెల్ మర వేరు, కొన్న మజిల్ బ్రేక్ (తుపాకీ మూతికి బిగించి, వెనక్కి తన్నడం తగ్గించే ముక్క) మర వేరు అయితే మధ్యలో రెండు మరలనీ కలిపే అడాప్టర్ పెడితే సరిపోదా అని. మంచి ప్రశ్న. అమెరికాలో ఏఆర్-15 రైఫిల్ బారెల్‌కి మామూలుగా అరంగుళం, 28 మరలు ఉంటాయి. 9 ఎంఎం బారెళ్ల మీద చాలా చోట్ల అరంగుళమే గానీ 36 మరలు. రష్యా ఏకేఎం రైఫిల్ మీద 14 మిల్లీమీటర్లు, 1 మిల్లీమీటరు పిచ్ (మరకీ మరకీ దూరం), అదీ లెఫ్ట్ త్రెడ్, అంటే ఎడమకు తిప్పితే బిగిసే మర. 28 మరలదాన్ని 36 మీద పెడితే మళ్లీ అదే కథ, ఒకటి రెండు చుట్లు ఎక్కి పట్టేస్తుంది.

ఇక అడాప్టర్ సంగతి. మర చేసేది లాగి బిగించడమే. వస్తువును బారెల్‌కి సూటిగా నిలబెట్టేది మర వెనకున్న షోల్డర్, అంటే మర ఆగే చోటి మెట్టు. ఆ షోల్డర్ నిలువుగా, చదునుగా లేకపోతే బిగించేకొద్దీ వంకర పెరుగుతుంది. అడాప్టర్ పెడితే మరలు రెండు జతలు, షోల్డర్లు రెండు, తప్పు జరిగే చోట్లూ రెట్టింపే. బ్రేక్ లోపలి రంధ్రం బుల్లెట్ కన్నా కొద్దిగానే పెద్దది. వంకర కాస్త ఎక్కువైతే బుల్లెట్ దాని గోడను తాకుతుంది, ముక్కలు ఎటు ఎగురుతాయో చెప్పలేం. టెఫ్లాన్ టేపు చుట్టి వదులు సరిచేయడానికి అది కుళాయి కాదు. పైగా మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఆ పని లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి. మనకు సంబంధించినంతవరకు అది లెక్క అర్థం చేసుకోవడానికే.

కుళాయి అన్నాను కదా. మన ఇళ్లలో అరంగుళం పైపు మర బ్రిటిష్‌ది, అంగుళానికి 14, కోణం 55. అమెరికా అరంగుళం పైపు మరా 14 మరలే, కానీ కోణం 60, మర కొస వైపు సన్నబడుతుంది. అక్కణ్నుంచి పిల్లలు ముచ్చటపడి తెచ్చిన షవర్ ఇక్కడ ఎక్కినట్టే ఎక్కి కారుతుంటే ప్లంబర్‌ని తిట్టకండి.

ఈ ట్రేలో ఆరు బోల్టులు, ఒక నట్టు, మరల లెక్క చూసే ఒక పిచ్ గేజ్ పెట్టాను. నట్టు ఒక్క బోల్టుకే సొంతం. మిగిలిన ఐదింటిలో రెండు మీకు ఆశ పెడతాయి. స్పానర్ ఇవ్వను, వేళ్లతోనే చూడాలి. ముందు బెంచీ వాళ్లు రండి.