బస్సు ప్రమాదంలో గాయపడ్డవారి పరిహారం కేసు: తప్పు తేలికే, లెక్కే కష్టం

(పారా లీగల్ వాలంటీర్ల శిక్షణ కోసం సిద్ధం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

బస్సు ప్రమాదంలో దెబ్బలు తగిలినవాళ్లు మన దగ్గరికి రాగానే అడిగే మొదటి మాట, "తప్పు ఎవరిదని తేలుతుందండీ?" అని. రోడ్డు మీద నడిచేవారి సంగతీ, బైకు మీద వెళ్లేవారి సంగతీ వేరు. బస్సులో సీట్లో కూర్చున్న మనిషికి మాత్రం ఇది తేలిక ప్రశ్న. స్టీరింగు ఆయన చేతిలో లేదు, బ్రేకు ఆయన కాలి కింద లేదు. తప్పు బస్సు డ్రైవరుదైనా, ఎదురొచ్చిన లారీదైనా, ఇద్దరిదీ అయినా ఆయన మీద పడేదేమీ ఉండదు. ఈ కేసుల్లో డబ్బు పోయేది వేరేచోట. గాయం వల్ల సంపాదన ఎంత తగ్గిందో చూపించలేక పోతుంది. అందుకే బాధ్యత సంగతి ముందు చెప్పేసి, ఆ తర్వాత ఎక్కువసేపు కాగితాల మీద, లెక్క మీద ఉంటాను.

కేసు వేయాల్సిన చోటు మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్. 1988 మోటారు వాహనాల చట్టం 165వ సెక్షన్ కింద ఏర్పడింది. మన జిల్లాల్లో జిల్లా జడ్జీలే దీన్ని నడుపుతారు, పిటిషన్‌ని ఎం.వి.ఓ.పి. అంటారు. టికెట్ కొన్నాం కాబట్టి వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామని కొందరు సలహా ఇస్తుంటారు. బస్సు ప్రమాద పరిహారం ఆ వేదిక పరిధిలోకి రాదని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. సివిల్ కోర్టుకీ దారి లేదు, 175వ సెక్షన్ అడ్డు. ఊరి విషయంలో మాత్రం చట్టం ఉదారంగానే ఉంది. ప్రమాదం జరిగిన చోటైనా, బాధితుడు ఉంటున్న చోటైనా, ప్రతివాది ఉన్న చోటైనా వేసుకోవచ్చు. కాలు విరిగిన మనిషిని ప్రమాదం జరిగిన ఊరికి వాయిదా వాయిదాకీ తిప్పడం అనవసరం. సొంత జిల్లాలోనే వేయించండి.

ఇప్పుడు ఎవరి మీద వేయాలి? ప్రైవేటు బస్సయితే డ్రైవరు, యజమాని, బీమా కంపెనీ. ఆర్టీసీ బస్సయితే బీమా కంపెనీ కోసం వెతకొద్దు. పరిహారాల కోసం సొంత నిధి ఉన్న ప్రభుత్వ రవాణా సంస్థలకు బీమా తప్పనిసరి కాకుండా 146వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. అలాంటి బస్సుకి సంస్థే నేరుగా చెల్లిస్తుంది. మెలిక అద్దె బస్సు దగ్గర వస్తుంది. బస్సు ప్రైవేటు యజమానిది, రూటూ టికెట్టూ కండక్టరూ ఆర్టీసీవి. సంస్థ యజమాని వైపు చూపిస్తుంది, బీమా కంపెనీ సంస్థ వైపు చూపిస్తుంది. బస్సు మీద ఉన్న బీమా దానితో పాటే సంస్థ చేతికి వచ్చినట్టేనని, బీమా కంపెనీ తప్పించుకోలేదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. మనం చేయాల్సింది మాత్రం ఒక్కటే. యజమాని, బీమా కంపెనీ, ఆర్టీసీ ముగ్గురినీ పార్టీలుగా చేర్చడం. వాళ్ల తగువు వాళ్లు తేల్చుకుంటారు.

రెండు వాహనాలు గుద్దుకున్నప్పుడు జరిగే పొరపాటు ఇంకా పెద్దది. ఎఫ్ఐఆర్‌లో లారీ డ్రైవరు పేరొక్కటే ఉందని పిటిషన్ లారీ మీదే వేస్తారు. విచారణలో తప్పంతా బస్సుదే అని తేలితే? అప్పటికి బస్సు వాళ్లు పార్టీలే కారు. ఇద్దరి తప్పు వల్ల మూడో మనిషికి గాయమైతే, అతను ఇద్దరిలో ఎవరి దగ్గరైనా మొత్తం పరిహారం రాబట్టుకోవచ్చని 2015లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ సౌకర్యం పనికి రావాలంటే ఇద్దరూ పిటిషన్‌లో ఉండాలి.

టైరు పేలి బస్సు బోల్తా పడితే "దైవాధీనం" అనే వాదన తప్పకుండా వస్తుంది. సరైన నిర్వహణ ఉన్న బస్సు మామూలుగా బోల్తా పడదు. ఎందుకు పడిందో చెప్పుకోవాల్సిన భారం దాన్ని నడిపినవాళ్ల మీదే ఉంటుంది. టైరు ఎప్పుడు మార్చారో, లాగ్‌షీటులో ఏముందో చూపించమనండి. ప్రమాదం తర్వాత మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ ఇచ్చే రిపోర్టు ఇక్కడ కీలకం. మనిషి దిగుతుండగానే విజిల్ వేసి బస్సు కదిలించిన కేసుల్లో తప్పు కండక్టరుది. దానికీ సంస్థే బాధ్యురాలు. ప్రయాణికుడి మీద కొంత తప్పు పడేది ఫుట్‌బోర్డు మీద వేలాడినప్పుడు, ఆగకముందే దూకినప్పుడు, చెయ్యి కిటికీ బయట పెట్టినప్పుడు. అప్పుడు కూడా పరిహారంలో కొంత శాతం తగ్గుతుంది గానీ కేసు పోదు.

ఇక కాగితాలు. మొదటి కాగితం ఆసుపత్రిలో పుడుతుంది, పోలీస్ స్టేషన్‌లో కాదు. క్యాజువాలిటీలో డాక్టరు రాసుకునే నాలుగు ముక్కల్లో "ఫలానా చోట బస్సు ప్రమాదం" అని ఉందా లేదా చూడండి. తోడు వచ్చినవాళ్లు కంగారులో "కింద పడ్డాడు" అంటారు, డాక్టరు అదే రాస్తాడు. మూడేళ్ల తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ రెండు మాటలే బయటికి వస్తాయి. ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసు, నమోదైందా, వూండ్ సర్టిఫికెట్‌లో, అంటే డాక్టరు ఇచ్చే గాయాల ధ్రువపత్రంలో, గాయాలన్నీ ఉన్నాయా అడగండి. తలకు దెబ్బ తగిలిందన్న హడావిడిలో మణికట్టు విరగడం రాయకుండా వదిలేస్తుంటారు. అది తర్వాత ఎక్స్‌రేలో బయటపడితే "ఈ ప్రమాదంలోది కాదు" అంటారు. చికిత్స ఖర్చు విషయానికొస్తే, 2025 మేలో కేంద్రం తెచ్చిన నగదు రహిత పథకం కింద ప్రమాద తేదీ నుంచి 7 రోజుల్లోపు, లక్షన్నర రూపాయల వరకు నియమిత ఆసుపత్రుల్లో వైద్యం అందుతుంది. కుటుంబానికి తెలియక చేతి డబ్బు కట్టేస్తుంటారు, ముందే చెప్పండి.

ఆసుపత్రి మంచం దగ్గరికి యజమాని తరఫు మనుషులు వచ్చి, మందుల ఖర్చుకని కొంత చేతిలో పెట్టి తెల్ల కాగితం మీద సంతకం అడుగుతారు. డబ్బు తీసుకోవడం తప్పు కాదు, సంతకం పెట్టడమే తప్పు. ఆ కాగితం మీద తర్వాత "నా అజాగ్రత్త వల్లే పడ్డాను" అన్న వాక్యం కనబడొచ్చు.

పోలీసుల వైపు నుంచి రావాల్సినవి మూడు నివేదికలు. 2022 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ప్రథమ ప్రమాద నివేదిక 48 గంటల్లో, మధ్యంతర నివేదిక 50 రోజుల్లో, సమగ్ర నివేదిక 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కి చేరాలి. సమగ్ర నివేదికనే ట్రిబ్యునల్ పిటిషన్‌గా తీసుకునే వీలు కూడా చట్టంలో ఉంది. దాన్ని నమ్ముకుని చేతులు ముడుచుకు కూర్చోమని మాత్రం నేను చెప్పను. 2022 ఏప్రిల్ 1 తర్వాత జరిగిన ప్రమాదాలకు పిటిషన్ గడువు ఆరు నెలలు. 1994 నుంచి మధ్యకాలంలో గడువే లేకపోవడంతో "ఎప్పుడైనా వేయొచ్చు" అన్న మాట జనంలో నిలిచిపోయింది. ఈ గడువు చెల్లుతుందా అన్న సవాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది నిజమే. కానీ ఆ వివాదం మీద భారం వేసి ఆలస్యం చేస్తే ఇంకో నష్టం ఉంది. వడ్డీ పిటిషన్ వేసిన తేదీకి ముందు నుంచి రాదు. చికిత్స పూర్తి కాలేదని ఆగక్కర్లేదు. ముందు పిటిషన్ వేసి, బిల్లులు తర్వాత దాఖలు చేసుకోవచ్చు. మొదట అడిగిన మొత్తం తక్కువైందన్న భయమూ వద్దు. న్యాయమైన పరిహారం అంతకంటే ఎక్కువని తేలితే ట్రిబ్యునల్ ఎక్కువే ఇవ్వొచ్చు.

క్రిమినల్ కేసులో డ్రైవరు నిర్దోషిగా బయటపడ్డాడని ఇక్కడ కేసు పోదు. ట్రిబ్యునల్‌లో సందేహానికి తావు లేనంత రుజువు అక్కర్లేదు, ఏది ఎక్కువ సంభవమో చూస్తారు. ఎఫ్ఐఆర్ ఆలస్యం కూడా దానంతటదే కేసుని చంపదు. ఆలస్యానికి కారణం చెప్పుకోవాలి, అంతే.

164, 166 సెక్షన్ల మధ్య ఎంచుకోవడం దగ్గర కాస్త ఆగుదాం. 166 కింద తప్పు ఎవరిదో చూపించి, జరిగిన నష్టాన్ని లెక్కకట్టి పరిహారం అడుగుతాం. 164 కింద తప్పు ఎవరిదో నిరూపించనక్కర్లేదు. తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, మరణానికి అయిదు లక్షలు, స్థిర మొత్తం. ఎముక విరిగినా తీవ్ర గాయమే. ఎదుటి లారీ గుద్ది పారిపోయింది, బస్సు డ్రైవరు తప్పేమీ లేదు అన్న కేసులో ఇది నిజంగా ఆదుకుంటుంది. కానీ 164 కింద ఇవ్వజూపిన సొమ్ము ఒప్పుకుని తీసుకుంటే 166 కింద వేసిన పిటిషన్ అక్కడితో ఆగిపోతుంది. జీవితాంతం కుంటాల్సిన మనిషి రెండున్నర లక్షలకు సరిపెట్టుకోవడం అంటే ఏమిటో ఇప్పుడు లెక్కలో చూద్దాం.

వయసు 34, నెల సంపాదన 15,000, సొంత పని. భవిష్యత్తులో సంపాదన పెరుగుతుంది కాబట్టి 40 ఏళ్ల లోపు వారికి 40 శాతం కలపాలి. ఇది 2017 ప్రణయ్ సేథీ తీర్పు నుంచి వచ్చిన లెక్క. 21,000 అయింది. ఏడాదికి 2,52,000. సంపాదించే శక్తి 30 శాతం పోయిందనుకుంటే ఏటా నష్టం 75,600. దాన్ని వయసును బట్టి ఉన్న గుణకంతో హెచ్చించాలి. 2009 సరళా వర్మ తీర్పు పట్టికలో 31 నుంచి 35 ఏళ్ల వారికి 16. మొత్తం 12,09,600 రూపాయలు. మరణం కేసుల్లోలా సొంత ఖర్చుల కింద కోత ఇక్కడ ఉండదు, మనిషి బతికే ఉన్నాడు కదా. దీనికి చికిత్స, రవాణా, పోషకాహారం, తోడు మనిషి ఖర్చు, పని పోయిన నెలల సంపాదన, బాధకూ కోల్పోయిన సుఖాలకూ ఇచ్చేవి, ముందు ముందు చేయించుకోవాల్సిన ఆపరేషన్ ఖర్చు వేరుగా కలుస్తాయి. రాడ్డు తీయించే ఆపరేషన్‌కి అంచనా కాగితం డాక్టరు నుంచి ముందే తీసుకోవాలి. ఎవరూ అడగక ఆ పద్దు ఖాళీగా మిగిలిపోతుంటుంది.

అసలు పోరు ఆ 30 దగ్గరే. డిజెబిలిటీ సర్టిఫికెట్‌లో ఉండే శాతం శరీరానిది, ట్రిబ్యునల్‌కి కావాల్సింది సంపాదనది. ఎడమ చెయ్యి పోయిన డ్రైవరుకీ వడ్రంగికీ బతుకుతెరువే పోతుంది, గుమస్తా ఉద్యోగం నిలిచిపోవచ్చు. 2010 రాజ్‌కుమార్ తీర్పులో ఈ తేడాని సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది. కాబట్టి సర్టిఫికెట్ ఒక్కటీ ఫైలులో పెట్టి ఊరుకుంటే లాభం లేదు. చికిత్స చేసిన డాక్టరునో, శాతం నిర్ధారించిన డాక్టరునో సాక్షిగా పిలిపించి, ఈ మోకాలితో ఈ మనిషి తాపీ పని చేయగలడా, మెట్లెక్కగలడా, బరువు మోయగలడా అని అడిగించాలి. డాక్టరు రాలేదన్న కారణంతో 30 శాతం 10 అయితే, మన లెక్కలో 12 లక్షలు 4,03,200కి పడిపోతుంది. ఒక్క సాక్ష్యానికి ఎనిమిది లక్షలు!

సంపాదనకు రుజువు లేదని కూలీలూ గృహిణులూ వెనక్కి తగ్గుతారు. ఇంటి పనికీ విలువ కట్టాల్సిందే. కూలీకి కనీస వేతనాల ఉత్తర్వు, మేస్త్రీ సాక్ష్యం, బ్యాంకు పాసుపుస్తకం పనికొస్తాయి. బస్సు డ్రైవరు, కండక్టరు, క్లీనరు గాయపడితే వాళ్లకి ఉద్యోగుల పరిహార చట్టం దారి కూడా ఉంది. కానీ 167వ సెక్షన్ ప్రకారం రెండింటిలో ఒక్కటే.

బీమా కంపెనీ వాదనలకు బెదరనక్కర్లేదు. డ్రైవరుకి సరైన లైసెన్సు లేదంటే, పర్మిట్ లేదంటే, చాలా కేసుల్లో కోర్టులు "ముందు బాధితుడికి చెల్లించు, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకో" అంటాయి. జాగ్రత్త పడాల్సింది కిక్కిరిసిన బస్సు కేసులో. 42 మందికి అనుమతి ఉన్న బస్సులో 90 మంది ఎక్కిన కేసులో, బీమా కంపెనీ బాధ్యత అత్యధిక మొత్తాలున్న 42 అవార్డులకే, అంటే పరిహారం తీర్పులకే, పరిమితమని 2007లో సుప్రీంకోర్టు అంది. ఆ సొమ్ము అందరికీ దామాషాలో పంచి, మిగతాది యజమాని దగ్గర రాబట్టుకోవాలి. అలాంటప్పుడు యజమాని ఆస్తుల వివరాలు మొదటి నుంచే సేకరించాలి.

లోక్ అదాలత్‌లో రాజీకి పిలుపు వస్తే వెళ్లండి, కానీ పైన చెప్పిన లెక్క కాగితం మీద వేసుకుని వెళ్లండి. అక్కడ ఒప్పుకున్న దానిపై అప్పీలు ఉండదు. ట్రిబ్యునల్ తీర్పు మీదైతే 90 రోజుల్లో హైకోర్టుకి వెళ్లొచ్చు, వివాదంలో ఉన్న మొత్తం లక్ష రూపాయలకు తగ్గకుండా ఉంటే.

అవార్డు వచ్చిన 30 రోజుల్లో సొమ్ము జమ కావాలి. కాకపోతే 174వ సెక్షన్ కింద భూమిశిస్తు బకాయిలా వసూలు చేయమని కలెక్టరుకి సర్టిఫికెట్ పంపించమని ట్రిబ్యునల్‌ని అడగాలి. జమ అయినదాంట్లో కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టమంటారు. మధ్యలో ఆపరేషన్ అవసరమైతే అంచనా కాగితం జతచేసి ముందస్తు విడుదలకు దరఖాస్తు వేయొచ్చు. ఆ దరఖాస్తు నమూనాలు, పరిహారం లెక్క వేసుకునే ఖాళీ ఫారాలు వెనక బల్ల మీద ఉన్నాయి. తలా ఒకటి తీసుకుంటే, విరామం తర్వాత ఒక కేసు ఫైలు ముందు పెట్టుకుని అందరం కలిసి నింపుదాం.