పండగ గురించి చెప్పమంటే పిల్లలు ఇంగ్లీషులో నోరు విప్పుతారా?

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో మన పిల్లలకి ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, ఆ పైన ఇంగ్లీషు. తొమ్మిది, పది తరగతుల పిల్లలు వ్యాసాలు బట్టీపట్టి రాసేస్తారు గానీ లేచి నాలుగు ముక్కలు మాట్లాడమంటే తల దించుకుంటారు. పండగల గురించి మాట్లాడిస్తే ఈ బెరుకు పోతుందని పర్లాకిమిడి టీచర్ గారు అంటున్నారు. ఎలాగో చెప్పండి మేడమ్.

టీచర్: పాసివ్ వాయిస్‌నే తీసుకోండి. పుస్తకంలో వాక్యం ఇస్తారు, పిల్లలు తిరగేసి రాస్తారు, అక్కడితో మర్చిపోతారు. అదే అరిసెలు ఎలా వండుతారో చెప్పమంటే? బియ్యం నానబెడతారు, తడి ఆరకముందే దంచుతారు, జల్లిస్తారు, పాకం పడతారు. అక్కడ ఎవరు చేశారన్నది ఎవరికీ అక్కర్లేదు, ఏం జరుగుతుందన్నదే కావాలి, అందుకని 'ద రైస్ ఈజ్ సోక్డ్' అనే వాక్యం దానంతటదే వస్తుంది. మా క్లాసులో ఒకమ్మాయి పాకం ముదిరిందో లేదో ఎలా చూస్తారో చెప్పడానికి బోర్డు దగ్గరికొచ్చి, గిన్నెలో నీళ్లున్నట్టు చేత్తో చూపిస్తూ, 'ఇట్ బికమ్స్ ఎ సాఫ్ట్ బాల్' అనేసింది. వెనక బెంచీలోంచి ఒక ఒడియా అబ్బాయి లేచి, అది మా అరిసా పిఠా, మేమూ చేస్తాం అన్నాడు, అదీ ఇంగ్లీషులోనే! ఇక నువ్వులు పిండిలో కలపాలా పైన అద్దాలా అని ఇద్దరికీ వాదన. నేను పక్కకెళ్లి కూర్చున్నాను.

రిటైర్డ్ హెడ్మాస్టరు: బాగుందమ్మా. కానీ బరంపురంలో నేను చూసిందేమిటంటే, పండగ పాఠం అనగానే గోడకి రంగుకాగితాలు అంటించడం, కేకు కోయడం, ఫొటో దిగడం. పిల్లాడి నోట్లోంచి ఒక్క వాక్యం రాదు. అది పాఠం ఎలా అవుతుంది?

టీచర్: అవదు మాస్టారూ. పండగ చేయించకూడదు, చెప్పించాలి. అదీ తెలియనివాడికి చెప్పించాలి. ఇంకోటి, క్రిస్మస్‌ని ఇంగ్లీషువాళ్ల పండగలాగా పాఠం చెప్పడం మా దగ్గర కుదరదు. గజపతి కొండల్లో ఎన్నో సవర కుటుంబాలకి అది ఇంటి పండగే. ఆ రోజు మిగతా క్లాసంతా ప్రశ్నలడగాలి, ఆ పిల్లలే జవాబు చెప్పాలి. ఎప్పుడూ చివర కూర్చునే పిల్లాడు ఆ గంటసేపు అందరికీ గురువు.

హెడ్మాస్టరు: అది నిజం. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశారు. పిల్లాడికి తెలిసిన చోటునుంచే మొదలుపెట్టాలని ఆ ఊళ్లో ఎప్పుడో రుజువైంది.

వ్యాఖ్యాత: మరి మనకి తెలియని పండగలు?

టీచర్: అవి చదవడానికి. బ్రిటన్‌లో నవంబర్ 5న మంటలు వేస్తారు, 1605లో పార్లమెంటుని పేల్చేయాలన్న కుట్ర బయటపడినందుకు. పిల్లలు ఆ కుట్రదారుడి బొమ్మని ఊరేగిస్తూ చిల్లర అడిగేవారు. ఇది చదవగానే మనవాళ్లకి భోగి కట్టెల కోసం ఇల్లిల్లూ తిరగడం గుర్తొస్తుంది. 'బోత్', 'బట్', 'వేరాజ్' పెట్టి నాలుగేసి వాక్యాలు రాయమంటాను. మంట ఒకటే, కారణం వేరు. పంట చేతికొచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పుకునే థాంక్స్‌గివింగ్ పండగ అమెరికాలో నవంబర్ నాలుగో గురువారం, కెనడాలో అక్టోబర్ రెండో సోమవారం. ఎందుకు తేడా అని అడిగితే చాలు, కెనడాలో చలి ముందొస్తుంది, పంట ముందే ఇంటికి చేరుతుంది అని వాళ్లే ఊహిస్తారు.

తల్లి, రాయగడ నుంచి: అదంతా సరేనండీ, పదో తరగతి మెట్రిక్ పరీక్షలో మార్కులొస్తాయా? మా టెన్షన్ అది.

టీచర్: పరీక్షలో ఉత్తరం రాయమంటారు కదమ్మా. సరస్వతీ పూజకి పక్క స్కూలుని పిలుస్తూ ఆహ్వానం రాయించండి, నిజంగా పంపించండి. ఎవరో చదువుతారంటే తేదీ, వేళ, సంబోధన దగ్గర పిల్లలు ఎంత జాగ్రత్త పడతారో! ఊరికే నోట్సులో రాసిన ఉత్తరానికి ఆ శ్రద్ధ ఉండదు.

తల్లి: నాకు ఇంగ్లీషు రాదు. ఇంట్లో నేనేం చెయ్యగలను?

టీచర్: మీరు తెలుగులో వివరంగా చెప్పండి. అరిసెల్ని చెక్కల మధ్య పెట్టి నూనె ఎందుకు ఒత్తుతారో మీకు తెలుసు, నాకు సరిగా తెలియదు. మీ అమ్మాయికి చెప్పడానికి విషయం మీ దగ్గరే దొరుకుతుంది.

హెడ్మాస్టరు: తప్పులు మాట్లాడితే? దిద్దకుండా వదిలేస్తే అవే పాతుకుపోతాయి.

టీచర్: వదలను మాస్టారూ. మాట్లాడుతుంటే మధ్యలో ఆపను, అంతే. తప్పుల్ని నా పుస్తకంలో రాసుకుంటాను, చివర్లో ఎవరి పేరూ లేకుండా బోర్డు మీద పెట్టి, అందరి చేతా దిద్దిస్తాను.

హెడ్మాస్టరు: పదో తరగతికొచ్చేసరికి అంత టైమ్ దొరకదు. ఎనిమిదిలోనే మొదలుపెట్టాలి.

టీచర్: అవునండీ, అక్కడ మీ మాటే నా మాట.