లింకు నొక్కితే పలకట్లేదా? ఫైర్‌ఫాక్స్ ట్రబుల్‌షూట్ మోడ్ రివ్యూ

నమస్తే అండి. పేజీ మొత్తం లోడ్ అయింది, స్క్రోల్ కూడా అవుతోంది, కానీ లింకు మీద ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ లేదు పలుకూ లేదు. చాలామంది వెంటనే బ్రౌజర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. ఫైర్‌ఫాక్స్‌లో అది దండగ శ్రమ. ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు), సెట్టింగులు ఉండే ప్రొఫైల్ ఫోల్డర్ మామూలుగా కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే అదే ప్రొఫైల్, అదే రోగం.

ముందు రెండు చిన్న పరీక్షలు. మౌస్‌ని లింకు మీద పెట్టి, విండో కింద మూల చూడండి. అడ్రస్ కనిపిస్తే అది మామూలు లింకు. కనిపించకపోతే దాన్ని నడిపించేది జావాస్క్రిప్ట్, అంటే పేజీలో నడిచే ప్రోగ్రామ్ కోడ్, అయ్యుంటుంది. ఇప్పుడు మౌస్ వదిలేసి, ట్యాబ్ కీ నొక్కుతూ ఆ లింకు దాకా వెళ్లి ఎంటర్ కొట్టండి. తెరుచుకుందా? అయితే లింకు బాగానే ఉంది, చాలావరకు దాని మీద కంటికి కనిపించని పొర ఏదో పరుచుకుని ఉంటుంది. యాడ్ బ్లాకర్ కుకీల నోటీసుని సగమే తీసేసినప్పుడు ఇలా జరుగుతుంది. మీ క్లిక్కులన్నీ ఆ పొరకే తగులుతాయి. ఈ కీబోర్డ్ పరీక్ష తప్పకుండా చేయండి, చాలా అయోమయం ఇక్కడే తీరిపోతుంది.

ఇక అసలు విషయం. మెనూలో హెల్ప్, అందులో ట్రబుల్‌షూట్ మోడ్. పాతవాళ్లకి ఇది సేఫ్ మోడ్‌గా తెలుసు, 2021లో 88వ వెర్షన్‌తో పేరు మారింది. బ్రౌజర్ రీస్టార్ట్ అవుతుంది కాబట్టి సగం నింపిన ఫారం ఏదైనా ఉంటే ముందు సేవ్ చేసుకోండి. ఈ మోడ్‌లో ఎక్స్‌టెన్షన్లు, థీములు, హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (పేజీని గీసే పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించే సౌకర్యం) ఆగిపోతాయి. ఇప్పుడు లింకు పనిచేస్తే, తప్పు చాలావరకు వీటిలోనే ఉన్నట్టు. ఆగడమే, ఏదీ చెరిగిపోదు. మామూలుగా తెరిస్తే అన్నీ తిరిగొస్తాయి.

నాకు ఇందులో బాగా నచ్చింది, కుకీల (మీ లాగిన్ లాంటివి గుర్తుంచుకునే చిన్న ఫైళ్ల) జోలికి పోకపోవడం. క్రోమ్‌లో ఇలాంటి పరీక్షకి ఇన్‌కాగ్నిటో అనే ప్రైవేట్ విండో వాడతాం. అక్కడ మామూలుగా ఎక్స్‌టెన్షన్లతో పాటు మీ లాగిన్ కూడా ఉండదు. లింకు పనిచేసిందనుకోండి, తప్పు ఎక్స్‌టెన్షన్‌దా, పాడైన కుకీదా? తేలదు. ఇక్కడ ఆ గందరగోళం లేదు.

లోటూ ఉంది. దోషి ఏ ఎక్స్‌టెన్షనో ఇది చెప్పదు. మామూలుగా తెరిచి, సగం ఎక్స్‌టెన్షన్లు ఆపి చూడండి, తర్వాత మిగతా సగం. యాడ్ బ్లాకర్‌తో మొదలుపెట్టండి. ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపినా లింకు కదలకపోతే, సెట్టింగుల్లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ తీసేసి చూడండి.

ట్రబుల్‌షూట్ మోడ్ తెరిచేటప్పుడు వచ్చే చిన్న విండోలో రిఫ్రెష్ ఫైర్‌ఫాక్స్ అని ఒక బటన్ ఉంటుంది. బుక్‌మార్కులు, పాస్‌వర్డులు ఉంటాయి గానీ ఎక్స్‌టెన్షన్లు పోతాయి. దయచేసి దాన్ని చివరికి ఉంచుకోండి.

ట్రబుల్‌షూట్ మోడ్‌లోనూ లింకు పలకలేదా? వేరే బ్రౌజర్‌లో తెరవండి. అక్కడా అంతే అయితే తప్పు చాలావరకు సైటుదే. ఎఫ్12 నొక్కి, తెరుచుకున్న ప్యానెల్‌లో కన్సోల్ అనే ట్యాబ్‌లో ఎర్రగా వచ్చిన లైన్లు స్క్రీన్‌షాట్ తీసి ఆ సైటు హెల్ప్‌డెస్క్‌కి పంపండి. "లింకు పనిచేయట్లేదు" అని ఊరికే రాసేకన్నా వాళ్లకి అది చాలా పనికొస్తుంది.