దూరం నుంచి వినిపించే మర్ఫా: టార్టాయిస్ "టీఎన్‌టీ"ల ఏం జరగట్లేదు అనేటోళ్ల కోసం

నమస్తే అందరికీ. ఇయ్యాల సీదా విషయంలకు పోతున్న, చాలా రోజులనుంచి లోపల పెట్టుకొని ఉన్న ఇది. టార్టాయిస్ బ్యాండ్ ఆల్బమ్ టీఎన్‌టీ ఎవరికి పంపినా ఒకటే జవాబు: "బాగుంది బ్రో, చదువుకునేటప్పుడు పెట్టుకోవచ్చు." ఇంకొందరు "పాట ఎప్పుడు స్టార్ట్ అయితది" అంటరు. మొన్న ఫ్రెండ్ ఒకడు నా కార్లనే కూర్చొని, ఫస్ట్ ట్రాక్ నాలుగో నిమిషంల ఉండంగా, "ఇది ఇంట్రోనా?" అన్నడు. ఆ రోజే ఫిక్స్ అయిన, ఈ వీడియో చెయ్యాలె అని.

టార్టాయిస్‌ది పోస్ట్-రాక్ అంటరు. అదేందో ఈ ఛానల్ చూసేటోళ్లకు తెలుసు కాబట్టి ఒక్క ముక్క చెప్పి దాటేస్త. 1994ల సైమన్ రేనాల్డ్స్ అనే క్రిటిక్ ఆ మాటను వాడకంలకు తెచ్చినప్పుడు దాని అర్థం ఇది: వాద్యాలు రాక్‌వే, పని మాత్రం రాక్ పని కాదు, గిటార్ ఉన్నది రిఫ్ (పాటను నడిపే, మళ్ల మళ్ల వచ్చే గిటార్ ముక్క) కొట్టనీకి కాదు, శబ్దానికి రంగు, గరుకు, నునుపు ఇయ్యనీకి. తర్వాత తర్వాత ఆ పేరు వింటే జనాలకు మెల్లగ మొదలై పది నిమిషాలకు బద్దలయ్యే గిటార్లే గుర్తొస్తున్నయి, ఇగ బద్దలు కానిది ఏదైనా సరే "ఇందులో ఏం జరగట్లేదు" ఖాతాల పడిపోతున్నది. నాకు మంట లేసేది సరిగ్గ ఇక్కడనే.

సరే, ఇప్పుడు మర్ఫా దగ్గరికొద్దాం.

[స్క్రీన్ మీద: రాత్రి గల్లీ, దూరంగ బరాత్ లైట్లు]

హైదరాబాద్‌ల మర్ఫా, అంటే పెండ్లి బరాత్‌ల వాయించే ఆ డప్పుల మేళం, ఏందో ఎవరికీ చెప్పే పని లేదు, దాని తీన్మార్ దరువు పడితే కాళ్లే చెప్తయి. కానీ ఎప్పుడన్న ఆలోచించిండ్రా, బరాత్‌ల నిలబడి "అరే, పాడేటోడు ఏడి? ఇంట్రో అయిపోయిందా?" అని ఎవ్వరన్న అడిగిండ్రా? అడగరు. ఒకాయన డోలు, ఒకాయన డఫ్, ఇంకొకాయన స్టీలు బిందె మీద కర్రలు. ఏ ఒక్కరిని విడదీసి విన్నా అది తీన్మార్ కాదు, ఇద్దరి దెబ్బల మధ్యల ఉన్న సందుల మూడో మనిషి దెబ్బ పడితేనే తీన్మార్. నిజాం దగ్గర ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌గ, అంటే గుర్రపు దళంగ ఉన్న ఆఫ్రికా మూలాల సిద్దీలు, యెమెన్ వైపు నుంచి వచ్చిన అరబ్బులు, వాళ్లతోటి మన ఊరికొచ్చిన సంగీతం ఇది. ఏసీ గార్డ్స్ అనే బస్తీ పేరు ఆ గార్డ్స్‌దే, రోజూ మాసబ్ ట్యాంక్ దాటుతనే ఉంటం, అయినా ఆ "ఏసీ" ఏందో చాలామందికి తెల్వది, అది నాకు బాధనే.

మా ఇల్లు అక్కడికి దగ్గరనే. పెండ్లిళ్ల సీజన్ల రాత్రి పన్నెండు దాటినంక మిద్దె మీదికి పోతే ఎక్కడో బరాత్ నడుస్తుంటది. ముందు డోలు గుమ్ము ఒక్కటే వస్తది, అది చెవికంటే ముందు పిట్టగోడ మీద పెట్టిన చేతికి తెలుస్తది. బరాత్ గల్లీ మూల తిరిగిందంటే బిందె టంగు టంగు ఒక్కసారి తెరుచుకుంటది, మళ్ల ఏదో అపార్ట్‌మెంట్ వెనకకు పోంగనే టంగు మాయమైతది, గుమ్ము మాత్రం ఉంటది, ఎందుకంటే లోతు శబ్దం తరంగం పొడుగ్గ ఉంటది, బిల్డింగ్ చుట్టు వంగి వస్తది, సన్న శబ్దం అట్ల వంగలేదు, గోడ దగ్గరనే ఆగిపోతది. వాయించేటోళ్లు వాయించేది అదే. మనకు ఏది ముందుకొచ్చింది, ఏది వెనకకు పోయింది అనేదే మారుతున్నది. పక్కనుంచి వింటే మర్ఫా డ్యాన్సు, ఇంత దూరం నుంచి వింటే అదే మర్ఫా ఎంత నిమ్మళంగ ఉంటదో, కానీ ఒక్క దెబ్బ కూడ తగ్గలేదు దాంట్ల.

టీఎన్‌టీ నాకు ఇదే.

షికాగో బ్యాండ్, 1998 మార్చిల థ్రిల్ జాకీ లేబుల్ మీద వచ్చింది, పన్నెండు ట్రాకులు, సుమారు 65 నిమిషాలు. ఫస్ట్ ట్రాక్ పేరు కూడ టీఎన్‌టీనే, ఏడున్నర నిమిషాలు ఉంటది. ముందు డ్రమ్స్ ఒక్కటే, వార్మప్ చేసుకుంటున్నట్టే ఉంటది, ఇంకా బీట్ కుదురుకోలేదు, సింబల్ అంటే డ్రమ్స్ పక్కన ఉండే ఇత్తడి పళ్లెం, దాని మీద నీళ్లు చల్లినట్టు చిన్న చిన్న దెబ్బలు. ఆ డ్రమ్స్ మీదికి గిటార్ ఒక చిన్న ముక్క పట్టుకొని వస్తది, అదే తిప్పి తిప్పి వాయిస్తది, బాస్ కింద సర్దుకుంటది, పోను పోను పైన ట్రంపెట్ లాంటి కొమ్ముల గాలి. మా వాడు ఇంట్రోనా అన్నది ఇక్కడనే. అది ఇంట్రో కాదు అన్నా, బరాత్ మూల తిరుగుతున్నది!

ఆ గిటార్ వాయించింది జెఫ్ పార్కర్. రాక్‌ల పెరిగిన చెయ్యి కాదు, జాజ్ చెయ్యి. 1965ల షికాగోల నల్లజాతి సంగీతకారులు పెట్టుకున్న ఏఏసీఎం అనే సంఘం మనిషి, టార్టాయిస్‌తోటి ఆయన మొదటి ఆల్బమ్ ఇదే. ఆయన రాంగనే మారింది ఏందంటే, గిటార్ మెత్తగ అయింది కానీ దాక్కోలేదు. డిస్టార్షన్, అంటే రాక్ గిటార్‌ల వినిపించే ఆ బరబర గరుకు, పెట్టినమనుకోండి, తీగను మెల్లగ మీటినా గట్టిగ మీటినా దాదాపు ఒకే సైజుల బయటికొస్తది. ఆ గరుకు లేని క్లీన్ టోన్ల అట్ల కాదు, వేలి బరువు మొత్తం దొరికిపోతది. కార్డ్స్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు, అవి కూడ అంతే, మామూలు మూడు స్వరాల మీద సెవెన్త్, నైన్త్ అనే ఇంకొన్ని స్వరాలు పెట్టుకుంట పోతే ఆ కార్డ్ ఇది సంతోషం, ఇది బాధ అని తేల్చి చెప్పదు, మనల్ని గుమ్మంల నిలబెట్టి ఉంచుతది. చదువుకునేటప్పుడు పెట్టుకునే మ్యూజిక్ ఇట్ల చెయ్యదు, దాని పనే మనం దాన్ని మర్చిపోవుడు. మెత్తగ ఉండుడు వేరే, ఖాళీగ ఉండుడు వేరే, దయచేసి ఈ రెండు కలపకండి.

ఇప్పుడు నాకు ప్రాణమైన ట్రాక్, మూడోది, టెన్-డే ఇంటర్వల్. మరింబా, వైబ్రఫోన్, రెండూ పట్టీల మీద పుల్లలతోటి కొట్టి వాయించేవే. మరింబావి చెక్క పట్టీలు, వైబ్రఫోన్‌వి లోహం పట్టీలు, కింద గొట్టాలు ఉంటయి, ప్రతి గొట్టం మూతి దగ్గర మోటార్‌తోటి తిరిగే చిన్న రేకు ఉంటది, అది తిరుగుతుంటే గొట్టం మూసుకుంటది, తెరుచుకుంటది, మూసుకుంటది, తెరుచుకుంటది, ఆ వణుకు అందుకే పుడ్తది. ఒక్క గొట్టం లోపలనే బరాత్ గల్లీల మలుపు తిరుగుతున్నట్టు! ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ ట్రాక్‌ల స్టీవ్ రైష్ అనే అమెరికన్ కంపోజర్ నీడ గట్టిగ ఉంటది, ఆయన 1970ల ఘనాకు పోయి అక్కడ డ్రమ్మింగ్ నేర్చుకొని వచ్చిండు. ఘనా పడమర ఆఫ్రికా, మన సిద్దీల మూలాలు తూర్పు ఆఫ్రికా, రెండూ ఒకటే అని నేను అంటలేను. కానీ ఒకరి సందుల ఇంకొకరు కొట్టే ఆ పద్ధతి వింటే ఏసీ గార్డ్స్ గల్లీల పెరిగిన చెవికి కొత్తగ అనిపించదు, ఇంటి మనిషి గొంతు లెక్కనే ఉంటది. ఎనిమిదో ట్రాక్ ఫోర్-డే ఇంటర్వల్ దీని చెల్లెలు, రెండు వెంట వెంట పెట్టుకొని వినండి.

టైమ్ అయిపోతున్నది, రికార్డింగ్, మిక్సింగ్ (రికార్డ్ చేసిన శబ్దాలను కలిపి సర్దుడు) గురించి ఫాస్ట్‌గ చెప్పేస్త. బ్యాండ్ డ్రమ్మర్లల్ల ఒకడైన జాన్ మెకెంటైర్ దీన్ని టేప్ మీద కాకుండ కంప్యూటర్ హార్డ్ డిస్క్‌లకు రికార్డ్ చేసిండు, 1997ల రాక్ బ్యాండ్లకు అది ఇంకా కొత్త, దాదాపు ఏడాది పట్టింది. రికార్డ్ చేసిన ముక్కలు తీసి, ఇక్కడిది అక్కడ పెట్టి, ఒకటి ముందటికి జరిపి ఇంకోటి వెనకకు నెట్టి, అంటే బరాత్ ఏ గల్లీల తిరగాలె, ఏ బిల్డింగ్ వెనకకు పోవాలె అనేది ఆ రూమ్‌ల కూర్చొని తేల్చిండ్రు. అందుకే ఇంత మంది వాయిస్తున్నా ఒకరి కాలు ఇంకొకరు తొక్కరు.

అన్నీ నచ్చినయా అంటే లేదు. పదో ట్రాక్, పదకొండో ట్రాక్ ఎలక్ట్రానిక్ వైపు పోయినయి, అక్కడ నాకు చెక్క వాసన పోయినట్టు అనిపిస్తది. అది నా చెవి, మీకు అవే నచ్చొచ్చు. టాక్ టాక్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ 1988ల చేసిన స్పిరిట్ ఆఫ్ ఈడెన్ ఆల్బమ్‌కు దీనికి తేడా గురించి చాలా రాసుకున్న, దానికి వేరే వీడియో కావాలె.

ఒక్క పని చెయ్యండి. ఇయర్‌ఫోన్స్ వద్దు. స్పీకర్ బెడ్రూంల పెట్టి, తలుపు సగం దగ్గరికి వేసి, ఫస్ట్ ట్రాక్ పెట్టి మీరు వచ్చి వంటింట్ల నిలబడండి. ముందు బాస్ వస్తది. గిటార్ కొంచెం కొంచెం వస్తది, సింబల్స్ అసలు రావు. అట్లనే నాలుగో నిమిషం దాక ఉండి, అప్పుడు మెల్లగ నడుచుకుంట పోయి ఆ తలుపు తెరవండి.