పోయిన బండి దొరికింది, బిల్లు మా తమ్ముడి పేరున వచ్చింది

(తెర మీద: బల్ల మీద నలిగిన గులాబీ రంగు రసీదు. ఒక చెయ్యి దాన్ని సాపు చేస్తుంది.)

ఈ రసీదు ఒకసారి చూడండి. బెంగళూరు శివార్లలో ఒక పెయిడ్ పార్కింగ్ స్టాండ్ వాళ్ళిచ్చింది. టూ వీలర్, 19 రోజులు, రోజుకి 40 రూపాయల లెక్కన 760. కింద ఓనర్ అని ఉన్నచోట మా తమ్ముడి పేరు రాశారు. కానీ ఆ బండిని అక్కడ పెట్టింది మా తమ్ముడు కాదు. మారతహళ్ళిలో వాడి పీజీ ముందు నుంచి ఎత్తుకుపోయిన దొంగ.

(కెమెరా వైపు)

నమస్కారమండీ. బండి పోతే ఏం చెయ్యాలో చెప్పే వీడియోలు చాలానే ఉన్నాయి. దొరికాక ఏమవుతుందో చెప్పేవాళ్ళు తక్కువ. పోలీసు స్టేషన్ నుంచి ఫోన్ వస్తే ఎగిరి గంతేస్తాం. మా తమ్ముడూ అంతే. "అన్నా, బండి దొరికిందంట!" అని ఆఫీసు నుంచే అరిచాడు. ఆ సంతోషం ఆ స్టాండ్ గేటు దాకానే. అక్కడున్నాయన కన్నడలో ఒకటే మాట అన్నాడు: "దుడ్డు కట్టి గాడి తగొండు హోగి." డబ్బు కట్టి బండి తీసుకెళ్ళండి, అంతే. మేం ఎఫ్ఐఆర్ కాపీ చూపించాం. ఆయన దాన్ని తిరగేసి చూసి, "అది మీకూ పోలీసులకీ మధ్య. నా స్టాండులో బండి 19 రోజులుంది" అన్నాడు.

ఆయన మీద నాకు కోపం లేదు. జీతానికి పనిచేసే మనిషి, సాయంత్రానికి లెక్క ఒప్పజెప్పాలి. నా ప్రశ్న వేరు. దొంగతనం జరిగింది మాకు, టోకెన్ తీసుకుంది దొంగ. మరి ఆ బాకీ మాకెలా చుట్టుకుంది?

(తెర మీద: మోటారు వాహనాల చట్టం, 1988. సెక్షన్ 127.)

రోడ్డు మీద దొరికిన బండి సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అక్కడ ఈ విషయం చట్టంలోనే రాసుంది. పబ్లిక్ స్థలంలో ఒక బండి 10 గంటలు, అంతకు మించి ఎవరూ పట్టించుకోకుండా పడున్నా, పార్కింగ్ నిషేధం ఉన్నచోట ఆపి ఉన్నా, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి దాన్ని టోయింగ్ చేయించొచ్చు. ఇది మొదటి భాగం, ఇందులో తప్పులేదు. మూడో ఉపసెక్షన్ దగ్గర ఆగండి. అలా తీయించిన బండికి టోయింగ్ ఖర్చు మొత్తం ఓనరే భరించాలి, జరిమానా ఉంటే అది వేరే. "ఓనర్" అన్న ఆ ఒక్క మాటలోనే ఉంది చిక్కంతా. నో పార్కింగ్‌లో ఆపి టీ తాగడానికి పోయినవాడూ ఓనరే. తాళం పగలగొట్టి బండి ఎత్తుకుపోతే నెల రోజులు బస్సుల్లో తిరిగినవాడూ ఓనరే. ఇద్దరికీ ఒకటే వాక్యం. దొంగతనానికి గురైన బండికి ఇది వర్తించదని ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు.

దొంగలు బండిని ఎక్కడ వదులుతారు? పెట్రోలు అయిపోయినచోట, ఫ్లైఓవర్ కింద, ఎవరిదో గేటు ముందు. అంటే సరిగ్గా ఈ సెక్షన్ పట్టుకునే చోట్లలోనే.

బెంగళూరులో ట్రాఫిక్ టోయింగ్ మీద జనం ఎంత మండిపడ్డారో ఇక్కడ ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ప్రైవేటు కాంట్రాక్టు లారీలు, కళ్ళముందే బండి ఎత్తేయడాలు, వీడియోలు. గొడవ ముదిరి 2022 ఫిబ్రవరిలో ప్రభుత్వం దాన్ని ఆపించింది. ఆ చర్చంతా తప్పుగా పార్కు చేసినవాళ్ళ గురించే నడిచింది. బండి పోగొట్టుకున్నవాళ్ళ మాట అప్పుడూ ఎవరూ ఎత్తలేదు.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న బాధ కాదు. అమెరికా నగరాల్లో కారు పోయి దొరికితే, పోలీసులు టోయింగ్ కంపెనీని పిలుస్తారు, కారు యార్డుకి పోతుంది, అక్కడ రోజు లెక్కన అద్దె మొదలవుతుంది. ఓనరుకి కబురు అందేసరికే మీటరు తిరుగుతుంటుంది. ఇమ్మొబిలైజర్, అంటే అసలు తాళం లేకపోతే ఇంజను స్టార్ట్ కాకుండా ఆపే పరికరం, లేని కియా, హ్యుందాయ్ కార్లను యూఎస్‌బీ కేబులుతో స్టార్ట్ చేసే పద్ధతి సోషల్ మీడియాలో పాకి అక్కడ దొంగతనాలు విపరీతంగా పెరిగాయి. ఆ కంపెనీల మీద సియాటిల్ నగరమే 2023 జనవరిలో దావా వేసింది. అదే సియాటిల్‌లో మరో కేసు ఉంది, అది దొంగతనం కేసు కాదు. తన ట్రక్కులోనే బతుకుతున్న ఒకాయన బండిని నగరం టోయింగ్ చేయించి, దాదాపు 547 డాలర్లు కట్టమంది. మనిషి స్తోమత చూడకుండా అంత వసూలు చేయడం రాజ్యాంగానికి విరుద్ధమైన అధిక జరిమానా అని 2021లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. టోయింగ్ బిల్లు అనేది వట్టి సర్వీసు చార్జీ కాదు, అది శిక్ష కూడా కావొచ్చని ఒక కోర్టు ఒప్పుకుంది. నాకు కావాల్సిన మాట అదే. తప్పు చేసినవాడికే అది ఎక్కువైతే, ఏ తప్పూ చెయ్యనివాడి సంగతేంటి?

(తెర మీద: స్టాండు గేటు, లోపల దుమ్ము పట్టిన బండ్ల వరస.)

సరే, మన గేటు దగ్గరికి వద్దాం. ఆ రోజు మాకు తెలియని విషయం ఒకటుంది. దొంగసొత్తు అని అనుమానం ఉన్న వస్తువుని సీజ్ చేసే అధికారం పోలీసులకి పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 106 ఇస్తుంది. ఎవరికో డబ్బు కడితేనే సీజ్ చెయ్యాలని అందులో లేదు. స్టాండు వాళ్ళ బాకీ ఏదైనా ఉంటే అది టోకెన్ తీసుకున్నవాడితో. కాబట్టి మీకు ఇలాంటి ఫోన్ వస్తే, మీరు ముందుగా ఒంటరిగా స్టాండుకి పోవద్దు. దర్యాప్తు అధికారిని రమ్మనండి. పంచనామా రాసి, బండిని కేసు సొత్తుగా ఆయనే తీసుకోవాలి. మేం తొందరపడి 760 కట్టేశాం. కట్టినా ఒక మంచి పని చేశాం, రసీదు అడిగి తీసుకున్నాం. ఎందుకు మంచిదో చివర్లో చెప్తా.

బండి అప్పటికి నడిచే స్థితిలో లేదు. బ్యాటరీ చచ్చింది, వెనక టైరులో గాలి లేదు, ఇగ్నిషన్ లాక్ స్థానంలో రెండు వైర్లు మెలేసి ఉన్నాయి. టాటా ఏస్ మాట్లాడుకుని స్టేషనుకి తెచ్చేసరికి 1,200. ఇక అక్కడి నుంచి బండి మన చేతికి రావాలంటే కోర్టుకి పోవాలి.

ఇక్కడ కాస్త నిదానంగా వినండి, మనవాళ్ళు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. స్టేషన్ల ముందు, ఫుట్‌పాత్‌ల మీద తుప్పు పట్టిన బండ్ల గుట్టలు చూస్తుంటారు కదా. సీట్ల మీద గడ్డి మొలిచి ఉంటుంది. వాటిలో దొంగతనం కేసులవీ ఉంటాయి, అంటే మన లాంటి ఎవరో ఒకరివి. సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. సీజ్ చేసిన బండ్లను స్టేషన్లలో ఏళ్ళ తరబడి ఉంచడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు, తగిన బాండూ పూచీకత్తూ తీసుకుని ఇచ్చేయాలి, స్టేషన్లో వస్తువు 15 రోజుల నుంచి నెలకి మించి ఉండకూడదు అని. ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 497లో గడువులు కూడా పెట్టారు. సొత్తు కోర్టు ముందుకొచ్చిన 14 రోజుల్లో దాని వివరాల పట్టిక తయారవ్వాలి, ఫొటోలూ వీడియో తీయాలి, ఆ తర్వాత 30 రోజుల్లో ఎవరికి ఇవ్వాలో ఆర్డరు రావాలి. సొత్తు ఇంకా కోర్టు ముందుకి రాకపోతే సెక్షన్ 503 కింద అడగొచ్చు. ఈ చట్టం 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. కాబట్టి "కేసు అయ్యేదాకా బండి రాదు" అని ఎవరైనా అంటే, అది నిజం కాదు.

మేం ఇరుక్కున్న చోటు పూచీకత్తు. బండి అనంతపురం రిజిస్ట్రేషన్. ఆర్‌సీలో ఊరి అడ్రసు, ఆధార్‌లో ఊరి అడ్రసు. నృపతుంగ రోడ్డులో మేజిస్ట్రేట్ కోర్టుకి పోతే, లోకల్ జామీను ఉంటే తేలికవుతుంది అన్నారు వకీలుగారు. పీజీలో ఉండే కుర్రాడికి బెంగళూరులో ఆస్తి కాగితాలున్న మనిషి ఎక్కడ దొరుకుతాడు? చివరికి మా ఊరివాళ్ళే, కె.ఆర్.పురంలో ఇరవై ఏళ్ళుగా ఉంటున్న మామ ఒకాయన వచ్చి సంతకం పెట్టారు. ఒక పూట పనీ, ఒక రోజు కూలీ వదులుకుని వచ్చారాయన. ఆంధ్రా, తెలంగాణ నంబరు ప్లేటుతో ఇక్కడ తిరిగేవాళ్ళు ఈ సంగతి ముందే ఆలోచించి పెట్టుకోండి. ఒరిజినల్ ఆర్‌సీ ఊర్లో బీరువాలో ఉంటే తెప్పించి పెట్టుకోండి.

(తెర మీద: చేతిరాత లెక్క. స్టాండు 760. టాటా ఏస్ 1,200. వకీలు ఫీజు 4,000. లాక్ సెట్ 1,450. బ్యాటరీ 1,300. మొత్తం 8,710.)

8,710 రూపాయలు. ఇందులో మా తమ్ముడి రెండు రోజుల సెలవు లేదు, మామ కూలీ లేదు. వాడి జీతంలో ఇది ఎంతో మీకు చెప్పను, కానీ ఆ నెల ఇంటికి డబ్బు పంపలేదు.

ఇన్సూరెన్స్ లేదా అని అడుగుతారు. ఉంది, ఐదేళ్ళ పాలసీ. వాడూ అదే నమ్మకంతో ఉన్నాడు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూ వీలరుకి ఐదేళ్ళు, కారుకి మూడేళ్ళు థర్డ్ పార్టీ పాలసీ ముందే కట్టాలి. ఆ ఐదేళ్ళు థర్డ్ పార్టీకే, అంటే మన బండి వల్ల అవతలివాళ్ళకి జరిగే నష్టానికే. మన బండికి జరిగే నష్టం, దొంగతనం చూసే ఓన్ డ్యామేజ్ భాగం చాలామందికి మొదటి ఏడాదితో అయిపోతుంది. రెన్యూవల్ మెసేజ్ వస్తే "ఐదేళ్ళుంది కదా" అని వదిలేస్తాం. మీ పాలసీ కాగితం ఇవాళే తీసి, ఓన్ డ్యామేజ్ ఏ తేదీ వరకు ఉందో చూడండి.

ఓన్ డ్యామేజ్ ఉన్నవాళ్ళకి ఒక ఉపయోగం చెప్తా. ఓన్ డ్యామేజ్, థర్డ్ పార్టీ రెండూ కలిసుండే ప్రామాణిక ప్యాకేజీ పాలసీలో, పాలసీ కిందకొచ్చే నష్టంతో బండి కదలలేకపోతే దగ్గరి రిపేరు షాపుకి చేర్చే ఖర్చు కూడా ఇస్తారు. కారుకి 1,500 వరకు, టూ వీలరుకి 300 వరకు. తక్కువే, నిజమే. కానీ ఎవరూ అడగరు. టోయింగ్ బిల్లు ఉంటే అడగండి. కంపెనీకి ఆలస్యంగా చెప్పారని దొంగతనం క్లెయిమ్ తిప్పికొడితే కూడా భయపడకండి. పోలీసులకి వెంటనే చెప్పి ఎఫ్ఐఆర్ అయ్యుంటే, కంపెనీకి కబురు ఆలస్యమైందన్న ఒక్క కారణంతో కాదనకూడదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ చెప్పింది.

(తెర మీద: ఇ-చలాన్ ఫొటో, ముఖం మసకగా.)

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా కదిలించిన విషయం. బండి పోయిన పదకొండో రోజు మా తమ్ముడి ఫోనుకి చలాన్ వచ్చింది. హెల్మెట్ లేదు, 500. మూడు రోజులకి ఇంకొకటి. లింకు తెరిస్తే ఫొటో. మా తమ్ముడి బండి మీద ఎవడో కుర్రాడు, గాలికి జుట్టు ఎగురుతోంది. ట్యాంకు మీద మా అమ్మ తిరుపతి నుంచి తెచ్చి అంటించిన వెంకటేశ్వరస్వామి స్టిక్కరు అలాగే ఉంది. మా వాడు ఆ ఫొటో చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు.

కోపంలో ఆ చలాన్ని పక్కన పడేయొద్దు. దాని మీద సిగ్నల్ పేరుంది, తేదీ ఉంది, నిమిషంతో సహా టైముంది. ప్రింటు తీసి దర్యాప్తు అధికారికి ఇచ్చి, ఇచ్చినట్టు మన కాపీ మీద స్టేషను ముద్ర వేయించుకోండి. మా బండి ఏ దిక్కున తిరుగుతోందో తెలిసింది ఆ రెండు చలాన్లతోనే. ఆ వైపు స్టాండ్లు వెతికితే దొరికింది. ఇంకో మాట, ఆ చలాన్ డబ్బు కట్టేయకండి. ఎఫ్ఐఆర్ జత చేసి ట్రాఫిక్ పోలీసులకి అభ్యంతరం రాయండి. కట్టేస్తే ఆ రోజు బండి నడిపింది మేమే అని ఒప్పుకున్నట్టు అనుకునేవాళ్ళుంటారు.

అందుకే ఎఫ్ఐఆర్‌లో తేదీ ఒక్కటీ చాలదు. చివరిసారి బండిని ఎన్ని గంటలకి చూశారు, ఎన్ని గంటలకి లేదని తెలిసింది, రెండూ రాయించండి. ఆ గంట తర్వాత పడిన చలాన్, టోయింగ్, పార్కింగ్ ఏదీ మీది కాదని చూపించే కాగితం అదొక్కటే. స్టేషనుకి పోవడం ఆలస్యమయ్యేలా ఉంటే 112కి ఫోన్ చేసి చెప్పండి, కాల్ టైము రికార్డులో ఉంటుంది. ఆన్‌లైన్లో ఫిర్యాదు పంపితే మూడు రోజుల్లోపు పోయి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం, అడిగి తీసుకోండి. కారైతే అదే గంటలో ఫాస్టాగ్ ఆపించండి.

నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. సెక్షన్ 127లో ఓనర్ అన్న మాట పక్కన ఒక్క వాక్యం: బండి దొంగతనానికి గురైందని ముందే ఫిర్యాదు నమోదై ఉంటే, తీయించిన ఖర్చు ప్రభుత్వం పెట్టుకుని దొంగ నుంచి రాబట్టాలి. ప్లేటు నంబరు కొట్టి దొంగబండో కాదో చూడటం టోయింగ్ లారీ ఎక్కించే ముందు నిమిషం పని.

(తెర మీద: మళ్ళీ అదే రసీదు, పక్కన టాటా ఏస్ బిల్లు, లాక్ సెట్ బిల్లు. పిన్ను కొడుతున్న చప్పుడు.)

రసీదు సంగతి చెప్తానన్నా కదా. బండి తీసినవాడు తర్వాత ఇంకో కేసులో దొరికాడు, చార్జిషీటు పడింది. శిక్షతో పాటు జరిమానా పడితే, అందులోంచి నష్టపోయినవాళ్ళకి పరిహారం ఇప్పించే అధికారం కోర్టుకి బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 395 ఇస్తుంది. అడగాలంటే లెక్క ఉండాలి, లెక్కకి కాగితం ఉండాలి. బిల్లులన్నీ వరసగా పెట్టి, పైన ఒక పట్టిక రాసి, జిరాక్సులు ప్రభుత్వ వకీలుకి ఇచ్చాం. ఒరిజినల్స్ మా దగ్గరే ఉంచుకున్నాం. ఓనర్ అన్నచోట మా తమ్ముడి పేరున్న ఈ గులాబీ కాగితం అన్నిటికన్నా పైన పెట్టాం. వాయిదా వచ్చే నెల.